గుడారం తలుపు తాళ్ళు

షామియానా లోపల ముడి కనబడకూడదు. రాంగోపాల్‌పేట్‌లో నేను కుట్టుపని చేసిన డేరాల దుకాణంలో నాకు మొదట నేర్పింది ఇదే. పెళ్ళివారు తలెత్తి చూస్తే గుడ్డ సాపుగా ఉండాలి. తాళ్ళూ ముడులూ ఏవున్నా బయటే. దుకాణం మా మాస్టరుది. గుడ్డ కత్తిరించేదీ ఆయనే, మమ్మల్ని తిట్టేదీ ఆయనే. “లోపట తాడు ఏలాడితే గది షామియానా అయితదా? బర్రెల కొట్టమైతది!” అనేవాడు.

అవి ఊరంతా కంప్యూటర్ల మోజులో ఉన్న రోజులు. కొత్తగా ఫంక్షన్ హాళ్ళు లేచి, షామియానాలకి గిరాకీ పడిపోయింది. అంతలో మా శ్రీకాకుళం వైపు తుపాను కొట్టింది. సాయం చేసే సంస్థవాళ్ళు వచ్చి, నిలవనీడ లేనివాళ్ళకి గుడారాలు కుట్టిపెట్టమన్నారు. మా అక్క ఇల్లు కూలిపోయిందని అప్పటికే కబురొచ్చింది. ఇక ఆ పని నాకు పరాయి పని ఎలా అవుతుంది? కళ్ళు తుడుచుకుంటూ మిషను తొక్కాను.

వాళ్ళు తెచ్చిన గుడారం బొమ్మ చూసి మాస్టరు తెగ ముచ్చటపడ్డాడు. కప్పుకి రెండు పొరలు, మధ్యలో జానెడు సందు. ఎండ వేడి పై పొర దగ్గరే ఆగిపోతుంది. గోడల అడుగున మూరెడు గుడ్డ ఎక్కువ వదలాలి. దాన్ని మట్టిలో పాతేస్తే ఈదురుగాలీ వాననీళ్ళూ పురుగూ పుట్రా లోపలికి రావు. రెండు కొసల్లోనూ పైన దోమతెర వేసిన కిటికీలు. మడిచి కడితే ఇద్దరు ఆడవాళ్ళు మోసుకుపోగలిగే బరువు. అన్నీ బొమ్మలో ఉన్నట్టే కుట్టాం. తలుపు రెక్కల తాళ్ళు ఏ వైపు ఉండాలో మాత్రం బొమ్మలో తెలియలేదు. ఎవరమూ అడగలేదు. అడగడానికేముంది, తాళ్ళు బయటే కదా ఉండేది!

అక్కకి ఒక్కతే కూతురు, పదో తరగతి. లెక్కల్లో దిట్ట. మా ఆయన బేగంపేటలో ఒక కంప్యూటర్ ఆఫీసువాళ్ళ కారు నడిపేవాడు. మెళ్ళో కార్డులేసుకుని ఆడపిల్లలు దర్జాగా ఎక్కి దిగుతుంటే చూసి, “మన పిల్ల మాత్రం ఏం తక్కువ? పరీక్షలవగానే తెచ్చేసుకుందాం,” అన్నాడు. పద్మారావు నగర్‌లో మాకున్నది ఒక్కటే గది. అయినా గోడవారగా మంచం పట్టే చోటు ఖాళీ చేసి పెట్టాను. నాకు పిల్లల్లేరు. దాన్ని చదివించుకోవాలని నేను పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు.

గుడారాలు వెళ్ళిన కొన్నాళ్ళకి ఎదురింటివాళ్ళ ఫోనుకి అక్క చేసింది.

“ఒలే, మీ డేరా సల్లగానే ఉందే. ఒక్క సుక్క కారట్లేదు. గానీ తలుపు లోపల్నుంచి కట్టుకోడానికి నేదేటే? ముడి బయటేసేసి లోపలికెలా ఎల్తామే?”

బావ గుజరాత్‌లో బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. ఆ గుడారంలో తల్లీ కూతురూ ఇద్దరే. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా దుకాణానికి పోయి, “పెళ్ళివాళ్ళు భోంచేసి వెళ్ళిపోతారు మాస్టారూ, గుడారంలో ఆడపిల్ల బట్టలు మార్చుకోవాలి!” అని అరిచాను.

ఆయన కత్తెర కింద పెట్టేశాడు. “పుట్టిపెరిగిందంత షామియానాలల్లనే ఆయె. గిది నా దిమాగ్‌ల సుత రాలేదు బిడ్డా,” అన్నాడు. పంపిన గుడారాలన్నిటికీ లోపలి తాళ్ళు కుట్టించాలని సంస్థవాళ్ళకి కబురు చేశాడు. ఆ పైన తనే మిషను మీద కూర్చుని ఒక గుడారం కుట్టాడు. తలుపు రెక్కలు ఒకదాని మీదికి ఒకటి బాగా ఎక్కేలా పెట్టి, తాళ్ళన్నీ లోపలికి వేశాడు. “మీ అక్కకు ముందుగాల తీస్కపో,” అన్నాడు.

రైల్లో, బస్సులో ఆ మూటతో నానా అవస్థలు పడి చేరాను. అక్క గుడారం తలుపుకి అడ్డంగా నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని, దానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. మూట వైపు చూడనైనా చూడలేదు.

“పిల్లకి సంబంధం కుదిరిపోనాది. వొచ్చే వారమే పెళ్ళి.”

“మరి పరీక్షల సంగతో?”

“ఏటి పరీచ్చలే! మొన్న పిల్ల తానం సేస్తంటే ఎవుడో తలుపు గుడ్డెత్తి లోపలికి సూసినాడు. నేను కేకలేస్తే పారిపోనాడు. అది జడుసుకుని కూడు ముట్టనేదు. ఆళ్ళ నాన్న ఇక్కడ నేడు. నేనొక్కదాన్నీ ఎన్నాళ్ళని కాపలా కాస్తానే?”

“నాతో పంపెయ్యవే. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“మాటిచ్చీసేం. ఇప్పుడు నేదంటే ఊరు ఏటనుకుంటాది? పిల్లకేదో అయిపోనాది అనుకోదా?”

అక్క మీద కోపమొచ్చింది. అంతలోనే దాని మొహం చూస్తే ఆ కోపం నిలవలేదు. తొంగిచూసినవాణ్ణి నిలువునా చీరెయ్యాలనిపించింది. వాడికేం, ఏ అరుగు మీదో చుట్ట కాల్చుకుంటూ ఉంటాడు.

పాతది పీకేసి కొత్త గుడారం ముగ్గురం కలిసి నిలబెట్టాం. పిల్ల కర్రలందించింది, అంచులు మట్టిలో పాతింది. తలుపు దగ్గరికొచ్చి మాత్రం ఆగింది.

“పిన్నీ, ఇది లోపల్నుంచి కట్టుకోవచ్చా?”

“ఆఁ, ఇలా చూడు,” అని ముడి వేసి చూపించాను.

అది లోపలికి పోయి కింది నుంచి పై దాకా తాళ్ళన్నీ కట్టేసుకుంది. అన్నం తిందువు గాని రమ్మని అక్క పిలిచింది. కాసేపటికి ఏడుపు వినబడింది, మొదట సన్నగా, తరవాత వెక్కి వెక్కి. ఇల్లు కూలిన రోజు కూడా అది కంటతడి పెట్టలేదని అక్క అంది. లేచి తలుపు దగ్గరికి పోబోతుంటే నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

“ఉండనీవే. ఏడవనీ,” అన్నాను.