అద్దంలో గోలీలాట

కోలారు బంగారు గనుల ఊళ్లో గడ్డం గీయించుకుందామని ఒక చిన్న సెలూన్లో కూర్చున్నాను. నా వెనక గోడకున్న పాత బొమ్మ ఎదుటి అద్దంలో కనబడింది. దొరల కాలంలో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన చిత్రం. పిల్లలు గోలీలాడుతున్నారు. ముచ్చటేసి వెనక్కి తిరిగి చూశాను. అందరిదీ ఎడమచేతి వాటమే.

"తిరగొద్దప్పా, దాన్ని అద్దంలోనే చూడాల," అన్నాడు సెలూన్ పెద్దాయన, నా గడ్డానికి నురగ పూస్తూ. "మా తాత దొర బంగళా నుంచి తెచ్చినాడు. పొద్దున్నే ఇంతమంది ఎడంచేతోళ్లని చూస్తే పోయిన పని కాదని గిరాకీలు గొణిగినారంట. ఇంగ అద్దానికి ఎదురుగా తగిలిచ్చినాడు. అందరికీ కుడిచెయ్యి వచ్చేసింది."

నా పాండిత్యం ఊరుకోలేదు. రేకు మీద సరిగ్గా గీసినా కాగితం మీద అచ్చు తిరగబడుతుందనీ, పిల్లల తప్పేమీ లేదనీ వివరించాను.

"అట్లనా. అయితే మా తాత చేసిందే సరి," అంటూ ఆయన కత్తి నా గొంతు మీద ఆనించాడు. "ఈ షాపులో ఏదైనా అద్దంలోనే చూడాలప్పా."

మెల్లగా కళ్లు దించాను. అద్దంలో ఆయన కుడిచేతిలో ఉన్న కత్తి, ఇక్కడ ఎడమచేతిలో ఉంది.

బుద్ధిగా మళ్లీ అద్దంలోకే చూశాను.