కలిపేది అన్న, కోసేది చెల్లె

మా గోదావరిఖనిలో లెక్కల ట్యూషన్లు వీధికి మూడున్నాయి. మా పక్క క్వార్టర్ తిరుమలకు మాత్రం లెక్కలు నేర్పింది వాళ్ల నాన్న కొమురెల్లి, అదీ పేకముక్కలతో. ఆదివారం ఆటకు ఒక చెయ్యి తక్కువైతే కూతురిని కూర్చోబెట్టుకునేవాడు. ఎంత గొప్ప పెంపకమో చూడండి.

"నీకు కావల్సిన ముక్క చూడకు బిడ్డా, పడ్డ ముక్కలు చూడు. ఇస్పేటు రాజు కోసం కూసున్నవు, రెండు పేకల్ల రెండు రాజులూ పడిపాయె. ఇంక యాడికెల్లి వస్తడు?" అనేవాడు. ఇంత తెలిసిన మహానుభావుడు, తను మాత్రం పడిపోయిన రాజుల కోసమే ఎదురుచూసి బొగ్గుబావి జీతంలో సగం ఆటలో తగలేశాడు.

తిరుమల అన్న వీరేందర్ ఇంజనీరింగ్ చదివాడు. సంభావ్యత పాఠంలో మంచి మార్కులు కూడా వచ్చాయి. ఆ విద్యనంతా ఇప్పుడు ఫోన్లో రమ్మీకి ధారపోస్తున్నాడు. "వరుసగ ఐదాటలు పోయినయ్, ఆరోది పక్కా నాదే" అంటాడు. "ఐదు పోయినట్టు ముక్కలకు ఎరికనా అన్నా?" అని చెల్లెలు అడిగితే వాడికి ఎక్కడలేని కోపం.

కిందటేడు కొమురెల్లికి గుండె ఆపరేషనై, బావి పనికి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. అలాంటప్పుడు కంపెనీ రూలు ప్రకారం ఆయన ఉద్యోగం పిల్లల్లో ఒక్కరికే వస్తుంది. బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి బిల్లులు కొట్టే తిరుమలకు ఆ ఉద్యోగం తప్ప వేరే దారి లేదు. ఏ పనీ లేని వీరేందర్‌కూ అదే కావాలి.

తండ్రి ఏం చేశాడు? పేక తీశాడు.

"పెద్ద ముక్క ఎవలికొస్తే వాళ్లదే నౌకరి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లి పూలమ్మ నన్ను పెద్దమనిషినని పిలుచుకొచ్చింది కాబట్టి నోరు మూసుకున్నాను.

తిరుమల పేకను పక్కకు నెట్టింది. "బతుకును ఒక్క ముక్క మీద పెట్టద్దు నాయిన. ఆటల ఒకలు కలిపితే ఇంకొకలు కోస్తరు గద, మోసం జెయ్యకుండ. గట్లనే చేద్దాం. నౌకరి, మన ప్లాటు, నౌకరి దిగినందుకు నీకొచ్చే పైసలు, మీ ఇద్దర్ని చూసుకునుడు, అన్నీ కలిపి అన్న రెండు వాటాలు పెట్టాలె. ఏది కావాల్నో ముందుగాల నేను తీసుకుంట."

బుద్ధున్నవాడైతే ఏది మిగిలినా ఏడవకుండా సమంగా పెడతాడు. మనవాడు ఇంజనీరు కదా, బ్లఫ్ చేశాడు. ఒక వాటాలో ప్లాటు, పైసలు, తల్లి నగలు. రెండోదాంట్లో ఉద్యోగం, దాని నెత్తిన అమ్మానాన్నల తిండి, మందులు, దవాఖాన, జీవితాంతం. ఇంత బరువు చూసి చెల్లెలు జడుసుకుని ప్లాటు పట్టుకుపోతుందని లెక్క. ఉద్యోగం చేతికొచ్చాక ముసలివాళ్ల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. తన తెలివికి తనే మురిసిపోతూ గడ్డం గీరుకున్నాడు.

"నౌకరి వాట నాది" అంది తిరుమల.

వీరేందర్ మొహం మాడిపోయింది. "గట్ల కాదు, మళ్ల పెడత" అన్నాడు.

"కోసినంక మళ్ల కలుపుడు లేదురా" అన్నాడు కొమురెల్లి. జన్మలో ఆయన తప్పకుండా పాటించిన నియమం అదొక్కటే. నాకైతే కడుపు నిండిపోయింది.

ఇప్పుడు తిరుమల జనరల్ షిఫ్టుకు పోతోంది. వీరేందర్ ప్లాటు బేరం పెట్టి, చెల్లెలు తన నోట్లో మట్టి కొట్టిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.

మొన్న నేను వాళ్లింట్లో ఉండగానే కొమురెల్లి ఉండబట్టలేక అడిగాడు. "నౌకరి కోసం తీసుకున్నవా బిడ్డా, మా కోసం తీసుకున్నవా?"

తిరుమల మందు గోలీలు ఆయన చేతిలో పెట్టింది. "రెండూ ఒక్క వాటల అన్ననే పెట్టిండు నాయిన. వేరువేరుగ పెట్టుంటే నేనేది తీసుకుందునో నాకు ఎరికే. నువ్వు అడగకుంటెనే మంచిది."

పూలమ్మ అన్నం పెట్టడానికి లేచింది. కొమురెల్లి గోలీలు మింగి, అన్నానికి కూర్చున్నాడు.