దయ్యం ఒళ్లో పిల్లాడు

మా పాపకు స్నానం చేయించి పౌడర్ అద్దినప్పుడల్లా, ఆ వాసనకు నాకు టీవీ సీరియల్లోని ఒక దయ్యం గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ సీరియల్ చూసి ఒంటరిగా పక్క గదిలోకి కూడా వెళ్లేదాన్ని కాదు. షూటింగ్ మా శామీర్‌పేట దగ్గరి ఫామ్‌హౌస్‌లోనే జరుగుతోందని తెలిసి, ఒక మధ్యాహ్నం అవ్వ నన్ను తీసుకెళ్లింది.

వేపచెట్టు కింద తెల్లచీరలో, మొహం నిండా పౌడర్‌తో అదే దయ్యం కూర్చుని ఉంది. ఒళ్లో పసివాడు! ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చిందనుకున్నాను.

"పిల్లగాన్ని ఇడ్సిపెట్టు!" అని అవ్వ వెనక నుంచే అరిచాను.

ఆమె పకపకా నవ్వింది. "గీడు నా కొడుకే బిడ్డా. ఆకలైతాందని పాలిస్తున్న."

"ఇంక పనుందా నీకు?" అని అవ్వ అడిగింది.

"ఒక్క సీనుందవ్వా. జర వీన్ని పట్టుకుంటవా?"

అవ్వ పిల్లాణ్ని ఎత్తుకుంది. ఆమె కెమెరా ముందుకు వెళ్లి, జుట్టు విరబోసుకుని కెవ్వుమని అరిచింది. పసివాడు ఉలిక్కిపడ్డాడు. నేను వాడి చెవులు మూశాను.

ఆ తర్వాత టీవీలో ఆమె అరిచినప్పుడల్లా ఇంట్లో అందరూ జడుసుకునేవారు. నేను మాత్రం, "మెల్లగ ఒర్లు, పిల్లగాడు లేస్తడు," అనేదాన్ని.

దయ్యాలు లేవని అవ్వ నాకెప్పుడూ చెప్పలేదు. తీసుకెళ్లి ఆమెను చూపించింది, అంతే. నాకది చాలింది.