బావ చేతి కింద చోటు

పత్తాలాటలో అదృష్టాన్ని నమ్మేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నేను చోటును నమ్ముతాను. రమ్మీలో మన ముందువాడు పారేసిన పత్తా ఎత్తుకునే హక్కు మనదే. పిసినారి చేతి కింద కూర్చుంటే ఎండిపోతాం, తొందరగాడి చేతి కింద కూర్చుంటే కడుపు నిండుతుంది.

సుల్తానాబాద్‌లో, సీజన్ లేనప్పుడు ఖాళీగా పడుండే ఒక రైస్‌మిల్లు షెడ్డులో మధ్యాహ్నాలు ఐదుగురం ఆడేవాళ్లం. మొహంలో అన్నీ కనిపించేవాణ్ణి ఎదురుగా ఉంచుకునేవాణ్ణి. నేను పారేసింది దొరికినా ఏం చేసుకోవాలో తెలియని ముసలాయన నా కింద. ఇక పైన మా బావ.

బావ, అంటే మా అక్క భర్త, మస్కట్‌లో మోకాలు విరగ్గొట్టుకొని వచ్చాడు. అక్కడి కంపెనీ ఇచ్చిన పైసలతో ఆటో కొని కిరాయికి తిప్పించాలి, అక్క బీడీలు చుట్టడం మానాలి. ఆ ఇంటికి ఉన్న ఆశంతా అదే. ఆ పైసల్లోంచే రోజూ కొంత తెచ్చి ఆటలో పెట్టేవాడు. ఆయన కాలు మడవలేడు. షెడ్డులో ఉన్న ఒక్క ఇనుప స్తంభానికి ఆనుకొని, కాలు చాపి కూర్చునేవాడు. మేం ఎక్కడైనా కూర్చోవచ్చు, ఆయనకు వేరే చోటు లేదు. మాలో తువ్వాల ముందు పరిచినవాడిదే ఆ రోజుకు చోటు. రోజూ అందరికంటే ముందు పోయి ఆయన పక్కన నా తువ్వాల పరిచేవాణ్ణి. తమ్ముడు పక్కనుండి జర ఆపుతాడని అక్క మురిసిపోయింది.

బావది కోపిష్టి ఆట. రెండు వరుసలు కలవకపోతే రాజులనూ రాణులనూ విసిరికొట్టేవాడు. మోకాలు సలిపిన రోజైతే మరీ. ఆయన ఎక్కువగా కుంటుతూ వస్తే నాకు సంతోషమయ్యేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగా సంతోషమే.

ఒకరోజు మిగతావాళ్లు చాయ్‌కి లేచారు. బావ పత్తాలు కలుపుతూ నా వైపు చూడకుండా అన్నాడు.

“నేను పడేసినయి ఏరుకొనే నువ్వు ఆట కొడ్తున్నవని మొదటి వారమే ఎరుకైంది బామ్మర్దీ. ఊకున్న. బయటోడు తినుడు కంటె నువ్వు గెలిస్తే నయం. పైసలు మీ అక్క చేతికే పోతయి.” పత్తాల కట్ట కింద పెట్టి అడిగాడు. “ఇస్తున్నవు గద?”

ఒక్క రూపాయీ ఇవ్వలేదు. సగం నా బండి కిస్తీలకే పోయింది.

“ఇస్తున్న బావా. దాచిపెడ్తున్నది. నువ్వైతే అడగకు, సిగ్గుపడ్తది.”

ఆయన మొహం తేటపడింది. ఆ పూట నుంచి బావ గెలవడానికి ఆడనే లేదు. నేను ఏది ఎత్తుకుంటున్నానో చూసి, అలాంటిదే వెతికి, తన వరుస చెడగొట్టుకొని మరీ పారేసేవాడు. నేను ఒక్కటీ వదల్లేదు. ఆటో పైసలు అయిపోవడానికి మూడు వారాలు పట్టింది.

అయిపోయిన రోజు బావ నన్ను వెంటబెట్టుకొని హుషారుగా ఇంటికి పోయాడు. ఆటో బేరం చేసొస్తాం, తమ్ముడిచ్చిన పైసలు తియ్యమని అక్కతో అన్నాడు. అక్క తునికాకు కత్తిరిస్తున్న చెయ్యి ఆపి నా వైపు తిరిగింది.

“ఏ పైసలు తమ్మీ?”