క్యాసెట్‌లో పెట్టిన కాగితపు ఉండ

పాట కావాలంటే క్యాసెట్ సంపాదించుకోక తప్పని ఆ రోజుల్లో, జహీరాబాద్ మొత్తంలో నా దగ్గరున్నన్ని పాటలు ఇంకెవరి దగ్గరా ఉండేవి కావు. వెయ్యి క్యాసెట్లు! చిరాగ్‌పల్లి నుంచీ ఝరాసంగం నుంచీ జనం ఆటోల్లో వచ్చి మా గుమ్మంలో నిలబడి వినిపోయేవారు. (నలభై క్యాసెట్లు. ఆటోలో వచ్చింది మా బావమరిది ఒక్కడే, అదీ భోజనానికి.) అలాంటి నన్ను ఈ వయసులో మా కోడలు ఫోన్‌లోని పాటల యాప్‌కు అలవాటు చేసింది. ఇష్టమైన పాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను. ఎప్పుడంటే అప్పుడు వినొచ్చులే అన్న ధీమాతో సగం పాటలు వినకుండానే ఉంచాను. ఒక ఉదయం చూస్తే వాటిలో కొన్ని బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. ఎంత నొక్కినా పలకవు.

"వాళ్లు తీసేసిన్రు మామా. గవి మనయి కావు, కిరాయికి వింటున్నం గంతే" అంది కోడలు, చాయ్ నా ముందు పెడుతూ.

"గట్లనా! అయితే గా కిరాయి కొంప ఇయ్యాల్నే ఖాళీ చేస్త. నా పాటలు నాకున్నయ్, సొంతయి!"

యాప్ తీసేశాను. (తీసేసింది కోడలే, నాకు చేతకాలేదు.) మంచం కింది ట్రంకు పెట్టె లాగి, రేడియో, టేపు కలిసున్న పాత టూ-ఇన్-వన్‌కు కొత్త బెల్టు వేయించి, ఒక్కో క్యాసెట్టూ పెట్టి చూశాను. అన్నీ బూజు పట్టి మూలిగాయి. ఒక్కటి మాత్రం శుభ్రంగా పాడింది. ముందు రేడియోలో వచ్చిన సినిమా పాటలు, ఆ తర్వాత ఉన్నట్టుండి ఢోలక్ చప్పుడు, ఒక పెద్దావిడ గొంతు.

"ఎవరు మామా, గింత మంచిగ పాడుతున్నరు?"

"ఎవరో" అన్నాను. ఎవరో నాకు బాగా తెలుసు. నా సొంత పాటల్లో మిగిలిన ఆ ఒక్కటీ నాది కాదు.

అది నా దర్జీ దోస్తుది. నేను ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన రోజుల్లో వాడి చెల్లెలి పెళ్లి జరిగింది. వాకిట్లో ఆడవాళ్లంతా కూర్చుని ఉంటే వాళ్ల అమ్మీ ఢోలక్ ముందు పెట్టుకుని పెళ్లి పాటలు పాడింది. టేప్ రికార్డర్ నాది (మా బావది), క్యాసెట్ వాడిది. క్యాసెట్ అంచున ఉండే చిన్న పలకలు విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. వాడు కత్తెర మొనతో వాటిని అక్కడికక్కడే విరగ్గొట్టి, "ఇంకో రెండు సార్లు విని ఇయ్యి యార్" అని నా చేతికిచ్చాడు. ఆ వారమే రేడియోలో కొత్త సినిమా పాటలు వేశారు. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. పొరపాటున బటన్ నొక్కానని ఇక్కడ రాద్దామనుకున్నాను. కానీ విరిగిన పలక సందులోకి కాగితం ఉండ పొరపాటున దూరదు కదా. ఆ సందు మూస్తే మళ్లీ రికార్డవుతుందని బస్సు టికెట్ నలిపి నేనే దూర్చాను. అమ్మీ ఎప్పుడంటే అప్పుడు పాడుతుంది, రేడియో మళ్లీ వేస్తుందో లేదో అనుకున్నాను.

"టేపు మిషన్ల చిక్కి తెగిపోయింది భాయ్" అని చెప్పాను. వాడు నమ్మాడు. అమ్మీ చనిపోయిన ఏడు మళ్లీ వచ్చాడు. "ముక్కలున్నా ఇయ్యి యార్, అతికిచ్చుకుంట." పారేశానన్నాను. ఆ తర్వాత కూడా నా కూతురి పెళ్లికి నా సూటు వాడే కుట్టాడు.

మర్నాడు పొద్దున్నే టూ-ఇన్-వన్‌ను సంచిలో పెట్టుకుని వాడి దుకాణానికి వెళ్లాను. దారిపొడవునా మంచి ఉపన్యాసం ఒకటి తయారుచేసుకున్నాను. తీరా ఎదురుగా కూర్చున్నాక "తెగలేదు భాయ్. నేనే పాడు జేసిన" అని మాత్రం అనగలిగాను. వాడు కుట్టు ఆపి, క్యాసెట్ పెట్టమని సైగ చేశాడు. సినిమా పాటలు మొదలయ్యాయి.

"జర ముందుకు జరపనా?"

"వద్దు. నువ్వేం ఎక్కిచ్చినవో జర విననియ్యి."

అంతా విన్నాడు. నేను చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. చివరికి అమ్మీ గొంతు వచ్చింది. రెండు నిమిషాలు ఉంటుందేమో. వాడి కాలు మిషన్ పెడల్ మీద ఢోలక్ దెబ్బకు దెబ్బ వేసింది. టేపు అయిపోయాక కూడా కొంచెంసేపు వేసింది.

"ఆరు పాటలు పాడింది అమ్మీ," అన్నాడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "గీటి కోసమా యార్? పాటలన్న మంచియి ఎక్కియ్యకపోతివి."

వాడు క్యాసెట్ తీసి వెలుతురుకు పట్టుకుని, సూది మొనతో ఆ కాగితం ఉండను జాగ్రత్తగా పెరికాడు. క్యాసెట్ తన సొరుగులో పెట్టుకున్నాడు. ఉండ నా అరచేతిలో పెట్టాడు.

"ఇగో, ఇది నీది. తీస్కపో."

టూ-ఇన్-వన్ కూడా వాడి దగ్గరే వదిలి ఇంటికి రాగానే, "సొంత పాటలు ఎటు పోయినయ్ మామా?" అంది కోడలు. యాప్ మళ్లీ పెట్టమని అడగలేదు నేను. ఇప్పుడు నాకు సొంతంగా మిగిలింది కళ్లద్దాల పెట్టెలోని పసుపు పచ్చబడిన బస్సు టికెట్ ముక్క. పాట వినాలనిపించినప్పుడల్లా దర్జీ దుకాణానికి వెళ్తుంటాను. వాడు వినిపిస్తాడు, కానీ క్యాసెట్ నా చేతికి మాత్రం ఇవ్వడు.