పండుగ కాకముందు చిక్కుళ్లు

భద్రు తాత నలభై దాటాక బీఈడీ చదివాడు. అప్పటికింకా ఆయన ఎవరికీ తాత కాలేదు. కానీ కళ్లజోడూ చెవుల పక్క నెరిసిన జుట్టూ చూసి ఖమ్మం కాలేజీ ప్యూను మొదటిరోజే కుర్చీ వేసి, "బిడ్డను చేర్పియ్యనీకి వచ్చిన్రా?" అని మర్యాదగా అడిగాడట. తాత ఆ కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపు గౌరవం అనుభవించి, ఆ తర్వాతే చేరబోయేది తనేనని చెప్పాడు. కుర్చీ వెంటనే లోపలికి వెళ్లిపోయింది.

కారేపల్లి పక్క తండాలో పత్తీ మిర్చీ పండించి విసిగిపోయి ఆయన ఈ దారి పట్టాడు. కొడుకు కోటేష్ ఇంటర్‌కు వెళ్లే బస్సులోనే తండ్రి బీఈడీకి వెళ్లేవాడు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని ఒకరి మార్కులు ఒకరికి కనబడకుండా దాచుకునేవారు. తాత భార్య చాంది నాయనమ్మ ఇద్దరికీ ఒకేలాంటి డబ్బాల్లో రొట్టెలు కట్టి, "ఎవరు ఫెయిలైతే వాళ్లు బర్రెలు కాయాలె" అని పంపేది. ఇద్దరూ పాసయ్యారు. బర్రెలు నాయనమ్మే కాసింది.

సర్కారు ఉద్యోగాలు ఎప్పుడు పడతాయో తెలియని రోజులవి. ఈలోగా విద్యా వాలంటీరు పని దొరికింది. భద్రాచలం అవతల అడవి అంచున ఒక కోయగూడెం బడిలో ఉషారాణి టీచరమ్మ కాన్పు సెలవు మీద వెళ్లింది. ఆమె తిరిగొచ్చేదాకా ఆ ఒంటిగది బడిని తాత నడపాలి. భద్రాచలంలో గది కిరాయికి తీసుకుని, ఆటోలో కొంత, నడకన కొంత వెళ్లేవాడు.

మొదటిరోజు ఆయన రంగుల చార్టు మీద రైలుబొమ్మ వేసుకుని వెళ్లాడు. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్లో ఆసక్తి పుట్టించాలని బీఈడీలో చెప్పారు. "పిల్లలూ, ఈ చిత్రంలో మీకు ఏమి కనిపిస్తోంది?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. ఇంకాస్త గట్టిగా అడిగాడు. చెవిటివాళ్లను అడిగినట్టు మూడోసారీ అడిగాడు. చిన్నప్పుడు తండా నుంచి బడికి వెళ్లి, తెలుగు ముక్క అర్థంకాక, అయ్యవారి మీసాలు చూస్తూ కూర్చున్నవాడే తనూ. బీఈడీ పూర్తయ్యేసరికి ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాడు. చదువుకోవడమంటే అదే కాబోలు.

అప్పుడు వెనకవరసలోంచి ఐదో తరగతి పిల్ల ఒకతె లేచి, మిగతా పిల్లలతో కోయలో ఏదో అంది. అందరూ ఫక్కుమని నవ్వి, "రైలు" అని ఒక్క గొంతుతో అరిచారు.

"ఏం చెప్పినవ్ బిడ్డా?" అన్నాడు తాత, ముచ్చటపడి.

"సారుకు కండ్లు సరిగ కనబడ్తలేవు, బొమ్మల ఏమున్నదో మనల్ని అడుగుతుండు, పాపం చెప్పున్రి అన్న సార్."

ఆ పిల్ల భవాని. ఆ రోజునుంచీ బడిలో నోరు తాతది, నాలుక భవానిది. ఆయన తెలుగులో ఒక మాట అనేవాడు, ఆమె దాన్ని కోయలో తిప్పి చెప్పేది. కొన్నిసార్లు ఆయన ఒక్క మాటంటే ఆమె పది మాటలు చెప్పేది, పిల్లలు తాత వంక చూసి నవ్వేవారు. ఆ మిగతా తొమ్మిదీ ఏమిటని ఆయన అడగలేదు. ఎక్కాలు వస్తున్నాయి, చదవడం వస్తోంది, అది చాలు.

దసరా దాటాక తాత భవాని తండ్రి గోపాలు ఇంటికి తిరగడం మొదలుపెట్టాడు. వేసవి తర్వాత పిల్లను ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలలో వేయాలని ఆయన పట్టు. గోపాలు ముందు వినలేదు. పిల్ల దూరమైతే ఇంట్లో తమ్ముణ్ని ఎవరు చూస్తారన్నాడు. తాత మళ్లీ వెళ్లాడు. చివరికి గోపాలు, "నాకు ఆ బడి తెల్వదు, ఆ ఊరు తెల్వదు సార్. నీ మాట మీద పంపుత" అన్నాడు. హాస్టలు పిల్లలు రెండు జడలు వేసుకుంటారని ఎక్కడ విన్నదో, ఆ మర్నాటినుంచే భవాని రెండు జడలతో బడికి వచ్చింది. రిబ్బన్లు నాయనమ్మ పంపింది. ఒక జడ చెవి పక్కన, ఒకటి మెడ వెనక ఉండేది. "ఒకటి ఆరో తరగతికి పోయింది, ఇంకోటి ఐదుల్నే ఉన్నది" అని తాత ఏడిపించేవాడు.

ఆ చలికాలం తండాలో నాయనమ్మ చిక్కుడు పాదు విరగకాసింది. గూడెం పిల్లలు రోజూ నీళ్లచారు తింటున్నారని తాత చెబితే, ఆమె సంచినిండా చిక్కుడుకాయలు కోసి ఇచ్చింది. తాత ఆ సంచిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చి, మధ్యాహ్న భోజనం వండే నాగక్క ముందు పెట్టాడు. నాగక్క ముట్టుకోలేదు.

"పండుగ కాలేదు సార్."

"ఏం పండుగ?"

"చిక్కుడు పండుగ. మా గూడెం పెద్ద దూలయ్య దేవతకు పెట్టినంకనే మేం కొత్తకాయ నోట్ల పెట్టేది."

"ఇవి మీ ఊరి కాయలు కావు నాగక్కా, మా తండావి. మా కాయలకు మీ పండుగతోని ఏం పని?"

ఇంత గొప్ప వాదన తనకే ఎలా తట్టిందా అని తాత మురిసిపోయాడు. నాగక్క అన్నం దించి, బయట అరుగు మీద అటు తిరిగి కూర్చుంది. తాతే ఈనెలు తీసి, తాలింపు వేసి కూర వండాడు. కూర బాగా కుదిరిందట. ఆ మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

పిల్లలు పళ్లేల ముందు కూర్చున్నారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.

"తినున్రి, ఏం కాదు. భవానీ, చెప్పు వాళ్లకు."

భవాని ఆయన వంక చూసింది. అరుగు మీద నాగక్క వీపు వంక చూసింది. మళ్లీ ఆయన వంక చూసింది.

"చెప్పు బిడ్డా. నేనున్న గద."

ఆమె మొదటి ముద్ద తను నోట్లో పెట్టుకుని, ఆ తర్వాత పిల్లలకు కోయలో చెప్పింది. అందరూ తిన్నారు. కొందరు మళ్లీ పెట్టించుకున్నారు.

ఆ వారంలోనే భవాని తమ్ముడికి జ్వరం వచ్చింది. ఇంకో ఇద్దరు పిల్లలు మంచం పట్టారు. చలికాలం జ్వరాలే, దవాఖానా గోలీలకే తగ్గాయి కూడా. కానీ పండుగ కాకముందు తిన్న కాయల వల్లేనా అని గూడెం అప్పటికే ఆలోచనలో పడింది. శనివారం బడి వదిలాక, కాస్త చదువుకున్న రాంబాబు అనే కుర్రాడు సైకిల్ మీద దారి దాకా వచ్చి తాతను ఆపాడు.

"రేపు పొద్దుగాల పంచాయితీ సార్. భవాని మీద."

"భవాని మీదనా? నా మీద కాదా?"

"మీరు బయటోళ్లు, మీ జోలికి రారు. మీరొచ్చి, పిల్ల తప్పు లేదు, నేను చెప్పమంటెనే చెప్పింది అని ఒక్క మాటంటే అయిపోతది. దూలయ్య పెద్ద కూడ అదే అనుకుంటుండు."

"వస్త" అన్నాడు తాత.

ఆదివారం పొద్దున బస్టాండు దగ్గరికి వచ్చాడు కూడా. గూడెం వైపు పోయే ఆటో ఇంకా నిండలేదు. ఎదురుచూస్తూ నిలబడితే తల నిండా ఆలోచనలు. పంచాయితీ సంగతి మండలం ఆఫీసుకు తెలిస్తే? ఉన్న వాలంటీరు పనీ ఊడితే? అయినా బీఈడీ చదివినవాడు పోయిపోయి చిక్కుడుకాయ కోసం పెద్దమనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడడమా? అప్పుడే ఖమ్మం బస్సు హారన్ కొట్టింది. తాత ఎక్కేశాడు.

ఇంటికి వచ్చి, నవ్వులాటగా చెప్పబోయాడు. నాయనమ్మ నవ్వలేదు.

"పంచాయితీ ఎన్నడు?"

"ఇయ్యాల పొద్దుగాల."

"మరి నువ్వు ఇక్కడున్నవేంది?"

తాత చెప్పులు విడవడంలో మునిగిపోయాడు.

"కాయలు పంపింది నేను. నన్నన్న తోల్కపోతే నేను చెప్పేదాన్ని గద. పిల్లను నిలబెట్టి నువ్వు బస్సెక్కినవా?" అని ఆమె బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది కానీ, మాట పెట్టలేదు.

సోమవారం భవాని బడికి రాలేదు. సాయంత్రం తాత గోపాలు కల్లం దగ్గరికి వెళ్లాడు. గోపాలు లేచి నిలబడి, ముంతతో నీళ్లిచ్చాడు.

"నీ మీద ఎవరికీ కోపం లేదు సార్. నీకు తెల్వదు."

"మరి భవాని?"

"దానికి తెలుసు గద."

"నేను చెప్పమంటెనే చెప్పింది గోపాలూ."

"నువ్వు తెలుగుల చెప్పినవ్ సార్. మా మాటల చెప్పింది అది."

"నేనిప్పుడొచ్చి చెప్త పెద్దకు."

"తప్పు దానిదేనని కోడిని కోసిన్రు, మాట అయిపోయింది." గోపాలు ముంత తిరిగి తీసుకున్నాడు. "నిన్న పొద్దెక్కేదాక నీకోసం ఆగిన్రు. సారొస్తడు, సారొస్తడు అని అది బాట మీదికి పోయి నిలబడ్డది."

తాత, "మరి ఆశ్రమ బడి?" అన్నాడు.

"నీ మాట మీద పంపుత అన్న గద సార్" అన్నాడు గోపాలు. వడ్లు ఎత్తుకోవడానికి వంగాడు.

భవాని మళ్లీ బడికి రాలేదు. నాలుక పోయిన బడిలో తాత మిగిలాడు. వేరే దారి లేక చిన్న తరగతి పిల్లలనే అడిగి ఒక్కొక్క కోయమాట నేర్చుకున్నాడు. నీళ్లను ఏమంటారు, ఆకలిని ఏమంటారు, నాకు తెలియదు అని ఎలా అనాలి. ఉషారాణి టీచరమ్మ బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేనాటికి ఆయన కోయలో పాఠం చెబుతున్నాడు. భవాని ఇల్లు బడికి కనిపించేంత దూరమే. ఆయన తల మాత్రం అటు తిరగలేదు.

తర్వాత డీఎస్సీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. తల్లాడ వైపూ కల్లూరు వైపూ పనిచేసి మంచి మేష్టారనిపించుకున్నాడు. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నాకే పాఠం మొదలుపెట్టేవాడు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని తోటి టీచర్లు అడిగితే, "ఆలస్యంగ నేర్చుకున్న" అనేవాడు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన మనవణ్ని తిట్టడానికి ఇప్పటికీ నోరు తెరుస్తాడు. ఎందుకో సగంలోనే ఆపేస్తాడు. మనవడికి అదొక లాభం.

భవాని ఇప్పుడు ఆ బడిలోనే వంట చేస్తుంది, నాగక్క స్థానంలో. ఒకసారి భద్రాచలం సంతలో కనబడింది. జడ ఒక్కటే ఉంది. ఆమే పలకరించి, ఫోన్ నంబరు ఇచ్చింది.

ఏటా చలికాలంలో ఇంటి పందిరి నిండా చిక్కుళ్లు వేలాడతాయి. పిల్లలు గుటకలు మింగుతుంటారు. లంబాడోళ్ల ఇంట్లో కోయోళ్ల పండుగకు ఆగడమేందని చుట్టాలు నవ్వుతారు. తాత ఎవరినీ కాయ తెంపనివ్వడు. పందిరి కింద నిలబడి ఫోన్ చేస్తాడు.

"పండుగ అయ్యిందా భవానీ?"

"ఇంక కాలే సార్. మీ కాయలు ముదురుతున్నయా?"

"ముదరనీ."

"ముదిరితే గింజలొండుకుంటం లే," అని ఇంట్లోంచి నాయనమ్మ కేకేస్తుంది.

ఆ తర్వాత తాత ఏదో అడగబోయినట్టు ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడతాడు. ఏటా నిలబడతాడు. అవతల గిన్నెల చప్పుడు, పిల్లల అల్లరి వినబడుతుంటాయి.

"ఇంకేమన్న ఉన్నదా సార్?"

"ఏం లేదమ్మ. పండుగ అయినంక ఒక్క మాట చెప్పు."

"చెప్త సార్. నేనున్న గద."