గూడబాతుల వేళలు

ఆ రోజుల్లో మా వైపు ఒక మనిషి ఏ పనీ లేకుండా దేన్నైనా తదేకంగా చూస్తూ కూర్చున్నాడంటే, వాడికి ఒంట్లో బాగోలేదనో, ఎవరి చెరువు గట్టో కొలవడానికి వచ్చాడనో అనుకునేవారు. సరదాకి చూస్తున్నాడన్న అనుమానం మాత్రం ఎవరికీ వచ్చేది కాదు.

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఏడాదిపాటు ఓపిగ్గా ఎదురుచూశాను (పాపం, దానికి అడ్రసు దొరకలేదు). ఇక లాభం లేదని, కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మా మామయ్య నన్ను పిలిపించుకున్నారు. పొద్దున్నే గట్టు మీద నిలబడి చేపలకి మేత వేయించడం నా పని. రెండో రోజే గూడబాతులు దిగాయి. ఆకాశంలో అంత హుందాగా తిరిగిన పక్షి, నీళ్లలోకి దిగేసరికి ముక్కు కింద సంచి ఊపుకుంటూ సంతకొచ్చిన పెద్దమ్మలా అయిపోవడం చూసి, మేత సంగతి మర్చిపోయాను. ఆ వారమే ఏలూరు వెళ్లి ఒక పాత దుర్భిణి కొన్నాను. ఏ పిట్ట ఎన్నింటికి వస్తుందో, ఏ మూల దిగుతుందో పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఎందుకని అడిగితే నాకే తెలీదు. బాగుండేది, అంతే.

"అవతలి గట్టు మీద ఎవరమ్మాయిరా?" అని అత్తయ్య నిలదీశారు. "పక్షులండీ అత్తయ్యా" అన్నాను. అమ్మాయి అన్నా సరిపోయేది. అత్తయ్య వెంటనే నాకు దిష్టి తీశారు.

మామయ్య మాత్రం ఆ పుస్తకం తెప్పించుకుని చదివి, నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. "ఇన్నాళ్లకి పనికొచ్చే పని చేశావల్లుడూ! మన చేపల్ని తినిపోయే దొంగలు ఎప్పుడొస్తారో అంతా రాసిపెట్టావు. రేపట్నుంచి టపాసులు నువ్వే కాల్చి తరుము." అలా నాకు రాని ఉద్యోగం నా సరదాకి వచ్చింది.

నాలుగు రోజులు టపాసులు పేలిస్తే అవి మళ్లీ మా చెరువు మొహం చూడవు. మామయ్యకి ఎదురు చెప్పే ధైర్యమా, లేదు. అందుకని పుస్తకంలో ఆరున్నర కొట్టేసి ఏడుంపావు రాశాను. "చలి కదండీ మామయ్యా, వేళ మార్చుకున్నాయి" అన్నాను. అవి ఆరున్నరకి వచ్చి, కడుపునిండా తిని వెళ్లిపోయాక, నేను తీరిగ్గా టపాసు వెలిగించేవాణ్ణి. అప్పుడొచ్చిన మామయ్య ఖాళీ చెరువు చూసి, "ఒక్క పిట్ట లేదు చూశావా!" అని మురిసిపోయేవారు.

ఒకరోజు ఆయన ఆరున్నరకే వచ్చేశారు. చెరువు నిండా గూడబాతులు. నా చేతిలో టపాసుకి బదులు దుర్భిణి. "ఇలా తే" అని దాన్ని లాక్కుని కళ్లకి పెట్టుకున్నారు. ఎంతసేపటికీ తియ్యరే! తిట్లు కూడబెట్టుకుంటున్నారనుకున్నాను. చివరికి, "ఒరేయ్, దాని నోట్లో ఉన్నది మన చేపేరా!" అన్నారు. కోపం ఉండాల్సిన గొంతులో అదేదో గర్వం (కూతురు కచేరీ చూస్తున్నట్టు). వెళ్తూ వెళ్తూ, "టపాసులు ఏడుంపావుకే కాల్చు. మీ అత్తయ్యకి చెప్పకు" అన్నారు. దుర్భిణి మాత్రం తిరిగివ్వలేదు.

ఇప్పుడు నాకు ఏలూరులో ఉద్యోగం ఉంది, పెద్ద కెమెరా ఉంది, చూసిన ప్రతి పక్షినీ జాబితాకి ఎక్కించే యాప్ ఉంది. మొన్న కొల్లేరులో పడవ నడిపే ఆయన, "అదిగోనండీ గూడబాతు" అని చూపించారు. "అది ఎప్పుడో ఎక్కించేశానండీ, కొత్తదేమైనా ఉంటే చూపించండి" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. తిరుగుదారిలో కైకలూరులో దిగి, నా దుర్భిణి ఇచ్చెయ్యమని మామయ్యని అడిగాను. గట్టు మీద కుర్చీలో కూర్చున్న మామయ్య దాన్ని కళ్ల మీంచి తియ్యకుండానే అన్నారు: "ఇవ్వనురా. నువ్వయితే రాసుకుంటావు. నేను చూస్తున్నాను."